ఆగిపోయిన ఆటను మళ్లీ మైదానంలోకి తేవడం ఎలా: తిరుపతి అనుభవంతో ఒక సమగ్ర మార్గదర్శి

2020 మార్చి 22, ఆదివారం. జనతా కర్ఫ్యూ. ఆ రోజు పొద్దున మాకు పక్క కాలనీ జట్టుతో టెన్నిస్ బాల్ మ్యాచ్ ఉండింది. "వచ్చే ఆదివారం ఆడుకుందాం లేనా" అని ఫోన్లో చెప్పుకుని కిట్ బ్యాగు మంచం కిందికి తోసేశాను. ఆ వచ్చే ఆదివారం రావడానికి దాదాపు రెండేళ్లు పట్టింది.

మధ్యలో మేం చేతులు కట్టుకుని కూర్చోలేదు. మూడుసార్లు మొదలుపెట్టాం. 2020 అక్టోబరులో మొదటిసారి. ఒక కుర్రాడు జ్వరం దాచిపెట్టి ఆడాడు, విషయం బయటపడ్డాక సగం మంది తల్లిదండ్రులు పిల్లల్ని పంపడం మానేశారు. 2021 అక్టోబరులో రెండోసారి. అనుమతి ఉంది కదా అని ఏకంగా టోర్నమెంటే పెట్టేశాం, తొలిరోజే ముగ్గురు కుంటుకుంటూ ఇంటికి పోయారు. తర్వాతి నెలలో వచ్చిన వరదతో గ్రౌండు చెరువైంది. 2022 ఫిబ్రవరిలో మూడోసారి, నత్తనడకన మొదలుపెట్టాం. అదే నిలబడింది. ఈ మూడు ప్రయత్నాల్లో చేతులు కాల్చుకుని నేర్చుకున్నదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను. మహమ్మారి పోయినా, ఏదో ఒక కారణంతో ఆట ఆగిపోయి మళ్లీ మొదలుపెట్టలేక సతమతమవుతున్న జట్లు తిరుపతిలో, చిత్తూరులో ఇప్పటికీ ఉన్నాయి. వాళ్లకూ ఇది పనికొస్తుంది.

ముందు కాగితం చదవండి

"గ్రౌండ్లు తెరిచేశారంటనా" అని వాట్సాప్‌లో వచ్చిన మాటను నమ్మి బయల్దేరితే ఏమవుతుందో మాకు తెలుసు. పోలీసు జీపు ముందు ఉత్తర్వు చూపించలేక, స్టంపులు చేతబట్టుకుని వెనక్కి రావాల్సి వస్తుంది.

కరోనా ఆంక్షలు ఎక్కువగా 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద వచ్చాయి. కేంద్ర హోంశాఖ మార్గదర్శకాలు ఇచ్చేది, వాటిపై రాష్ట్రం జీవో ఇచ్చేది, దాని మీద జిల్లాకు కలెక్టరు ఉత్తర్వు. కేంద్రం వద్దన్నదాన్ని కింది వాళ్లు సడలించడానికి వీల్లేదు. సరేనన్నదాన్ని మాత్రం చాలాసార్లు కింద బిగించారు. కాబట్టి చదవాల్సింది పై నుంచి కిందికి, నమ్మాల్సింది అన్నిటికంటే కింద ఉన్న తాజా కాగితాన్ని.

చదివేటప్పుడు నాలుగు సంగతులు వెతకండి. ఏ తేదీ వరకు, ఏ ప్రాంతానికి, ఎంతమందికి, ప్రేక్షకులు ఉండొచ్చా. ఒక్కోటి ఎందుకంటే, 2020 మే 17 నాటి కేంద్ర ఉత్తర్వు స్టేడియాలు తెరవొచ్చంది, కానీ ప్రేక్షకులు వద్దంది. జనం దాన్ని "టోర్నమెంట్లు పెట్టుకోవచ్చు" అని చదివేశారు. కంటైన్‌మెంట్ జోన్‌లో ఉన్న వీధికి ఆ సడలింపు వర్తించదన్న సంగతి ఎవరికీ పట్టలేదు. 2020 సెప్టెంబరు 21 నుంచి క్రీడా కార్యక్రమాలకు నూరు మంది వరకు అనుమతి వచ్చింది. నూరు మందంటే రెండు జట్లు, అంపైర్లు, స్కోరర్లు, టీ బండి దగ్గర నిలబడ్డవాళ్లు, గోడెక్కి కూర్చున్నవాళ్లు అందరూ లెక్కే. 2021 మే 5 నుంచి రాష్ట్రంలో మధ్యాహ్నం 12 తర్వాత కర్ఫ్యూ. పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకా సడలింపు ఉంది కదా, ఆడుకుందామన్నారు కొందరు. ఆ గంటల్లోనూ 144 సెక్షన్ ఉంది, ఐదుగురికి మించి గుమికూడకూడదు. క్రికెట్ మైదానంలో ఫీల్డింగ్ జట్టే పదకొండు మంది.

2022 మార్చి 31తో విపత్తు చట్టం కింద కేంద్రం పెట్టిన ఆంక్షలు ముగిశాయి. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అత్యవసర స్థితి ముగిసిందని ప్రకటించింది. ఇప్పుడు ఈ చదువంతా ఎందుకంటారా? ఎన్నికలప్పుడో, ఊళ్లో గొడవలప్పుడో గుంపులు కూడొద్దని ఉత్తర్వు వస్తే చదివే పద్ధతి ఇదే. పాత 144 సెక్షన్ ఇప్పుడు కొత్త చట్టంలో 163 అయింది, అంతే తేడా.

ఇంకో చిన్న మాట. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది. మా జట్టు రబ్బరు స్టాంపు మీద "చిత్తూరు జిల్లా" అనే ఉండింది. ఆ స్టాంపుతో పెట్టిన దరఖాస్తు రెండు ఆఫీసులు తిరిగి మళ్లీ నా చేతికే వచ్చింది. లెటర్‌హెడ్, స్టాంపు ఒకసారి చూసుకోండి.

పేర్ల చిట్టా

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది. ఒక సాయంత్రం కూర్చుని, ఆట ఆగిన నాటి జాబితా తీసి, ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి. గ్రూపులో మెసేజ్ పెట్టొద్దు. గ్రూపులో బొటనవేలు చూపించినవాళ్లలో సగం మంది గ్రౌండుకు రారు.

మా జాబితాలో 26 పేర్లుండేవి. ఇంటి నుంచి పని చేస్తూ ఊళ్లో ఉన్న బెంగళూరు, చెన్నై కంపెనీల కుర్రాళ్లు మొదట్లో ఉత్సాహంగా వచ్చారు, ఆఫీసులు పిలవగానే బస్సెక్కారు. వాళ్లను నమ్ముకుని జట్టు కట్టొద్దు. ఆటోలు, దుకాణాలు నడిపేవాళ్లకు ఆదివారం కూడా పని పడింది, రెండేళ్ల అప్పు తీర్చుకోవాలి కదా. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు ఇద్దరున్నారు. వాళ్లతో ఆట సంగతి ఎత్తకుండా, ఇంటికి పోయి కూర్చుని రండి. మా వికెట్ కీపర్ నాన్న రెండో వేవ్‌లో పోయాడు. ఆ అబ్బాయి ఎనిమిది నెలల తర్వాత తనంతట తనే వచ్చి గ్లవ్స్ అడిగాడు.

చిట్టాలో ప్రతి పేరు పక్కన మూడు గళ్లు గీయండి: వయసు, కోవిడ్ వచ్చిందా, వస్తే ఎప్పుడు. ఆఖరి గడి మళ్లీ అక్కరకొస్తుంది.

నేల

రెండేళ్లు ఎవరూ అడుగుపెట్టని గ్రౌండును మీరు చూసి ఉంటే ఈ భాగం చెప్పక్కర్లేదు. లాక్‌డౌన్ కాలంలో రాష్ట్రంలో చాలా ఊళ్లలో రైతుబజార్లను మైదానాల్లోకి మార్చారు. కూరగాయల లారీల చక్రాల గాళ్లు ఎండకు గట్టిపడి అలాగే ఉండిపోయాయి. మిగతా చోట పల్లేరు, వయ్యారిభామ, జిల్లేడు.

ముందు ఈ నేల ఎవరిదో తేల్చుకోండి. తిరుపతిలో ఒక్కో మైదానానికీ ఒక్కో యజమాని. ఇందిరా మైదానానికి నగరపాలక సంస్థ, తారకరామ స్టేడియానికి ఎస్వీ యూనివర్సిటీ, కాలేజీ గ్రౌండ్లకు ఆయా విద్యాసంస్థల యాజమాన్యం. శ్రీ శ్రీనివాస క్రీడా సముదాయానికైతే క్రీడాప్రాధికార సంస్థ వాళ్లను అడగాలి. చిత్తూరులో మెసానికల్ గ్రౌండు అన్నా, పల్లెల్లో పంచాయతీ స్థలం అన్నా ఇదే లెక్క. నోటిమాటతో ఆడుకుంటూ వచ్చిన జట్లే ఎక్కువ. ఆగినప్పుడు ఆ నోటిమాట కూడా ఆగిపోతుంది. హెడ్మాస్టరు మారతాడు, వాచ్‌మన్ మారతాడు, "మీరెవరు?" అంటాడు కొత్తాయన. మేం పదేళ్లు ఆడిన ఒక స్కూలు గ్రౌండు తిరిగి దక్కలేదు. రెండేళ్లలో దానికి గేటు పెట్టారు, బస్సులు నిలుపుతున్నారు. అందుకని చెబుతున్నా, ఒక పేజీ దరఖాస్తు రాసి, రోజులు, వేళలు, ఎంతమంది, బాధ్యుడి పేరు పెట్టి, రెండో ప్రతి మీద అందినట్టు సంతకం తీసుకోండి. ఆ కాగితం బంగారం.

ఇక శుభ్రం చేయడం. వయ్యారిభామను పూత పూయకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు వేళ్లతో సహా పీకాలి. చేతికి గ్లవ్స్, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. దాని పుప్పొడికి దద్దుర్లు లేస్తాయి, ఆయాసం ఉన్నవాళ్లకు ఉబ్బసం ఎక్కువవుతుంది. కోవిడ్‌తో ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లను ఆ పనికి పిలవొద్దు. పల్లేరు కాయలు పీకితే పోవు, రాలి మట్టిలో దాక్కుంటాయి. పాత గోనెపట్టాను తడిపి నేల మీద ఈడ్చండి, కాయలన్నీ దానికి అంటుకుంటాయి. మూడు నాలుగు సార్లు ఈడ్చాలి. ఆ తర్వాతే కబడ్డీ కుర్రాళ్లను వట్టికాళ్లతో దింపండి. గాజు పెంకుల సంగతి చెప్పేదేముంది, లాక్‌డౌన్ రాత్రులు మైదానాల్లో ఎవరు కూర్చున్నారో సీసాలే చెబుతాయి.

గాళ్లు పూడ్చడానికి పుట్టమన్ను, ఎర్రమట్టి కలిపి, తడిపి, దిమ్మిస కొట్టి, ఒక రోజు ఆరనిచ్చి రోలర్ లాగండి. అదే రోజు లాగితే పైపెచ్చు లేచిపోతుంది. వాలీబాల్ కోర్టు 18 మీటర్లు పొడవు, 9 మీటర్లు వెడల్పు. నెట్ మగవాళ్లకు 2.43 మీటర్లు, ఆడవాళ్లకు 2.24. రెండేళ్లు మూట కట్టిన నెట్ నడిమధ్యన సాగిపోయి ఉంటుంది, కాబట్టి కొలత పోల్ దగ్గర కాదు, మధ్యలో తీయండి. కబడ్డీ కోర్టు మగవాళ్లకు 13 బై 10 మీటర్లు, ఆడవాళ్లకు 12 బై 8. పిచ్ 22 గజాలు, అంటే 20.12 మీటర్లు. అడుగులతో కొలిస్తే ఎంత తప్పుతుందో టేపు పట్టుకున్న రోజు తెలుస్తుంది. మా పిచ్ ఏళ్ల తరబడి గజం పొట్టిగా ఉండింది. మా ఫాస్ట్ బౌలర్ పేరుప్రతిష్ఠలకు అదీ ఒక కారణమేమో.

ఒళ్లు

ఇక్కడ నిదానించండి. రెండో ప్రయత్నంలో మేం చెడింది ఇక్కడే.

ఆట మానేసిన రెండు మూడు వారాలకే దమ్ము తగ్గడం మొదలవుతుంది. తిరిగి పరుగెత్తితే దమ్ము త్వరగానే వస్తుంది. చిక్కంతా అందులోనే ఉంది. గుండె, ఊపిరి "సిద్ధం" అంటాయి, కండరాన్ని ఎముకకు కట్టే నరాలు, అదే టెండన్లు, ఇంకా నిద్రలోనే ఉంటాయి. వాటికి వారాలు, నెలలు పడుతుంది. 2021 అక్టోబరు టోర్నీలో 38 ఏళ్ల మా వాలీబాల్ స్మాషర్ గాల్లోకి లేవబోతూ వెనక్కి తిరిగి "ఎవుడ్రా తన్నింది?" అని అరిచాడు. వెనక ఎవరూ లేరు. మడమ నరం తెగినప్పుడు సరిగ్గా అలాగే అనిపిస్తుందని ఆ తర్వాత డాక్టరు చెప్పాడు. ఆపరేషన్, ఆరు నెలల మంచం. మిగతా ఇద్దరికీ తొడ వెనక కండరం పట్టేసింది.

ముందు కోవిడ్ వచ్చినవాళ్ల సంగతి. చిట్టాలో ఆఖరి గడి చూడండి. 2020లో క్రీడా వైద్యులు ఇచ్చిన సలహా ఇది: లక్షణాలు మొదలైన రోజు నుంచి కనీసం 10 రోజులు విశ్రాంతి, అందులో వరసగా 7 రోజులు ఏ మాత్రా వేసుకోకుండా లక్షణాల్లేకుండా ఉండాలి. ఆ తర్వాత రెండు రోజులు 15 నిమిషాలు మించని తేలిక నడక, ఒక రోజు 30 నిమిషాలు, ఒక రోజు 45, రెండు రోజులు గంటలోపు. ఎక్కడ ఆయాసం వచ్చినా ఒక మెట్టు దిగి మళ్లీ మొదలు. ఎంత త్వరగా కోలుకున్నా మామూలు సాధనకు పదిహేడో రోజుకు ముందు రాకూడదు. ఆ తర్వాత వైద్యులు గడువులు కుదించారు గానీ, మెట్టు మెట్టుగా రావాలన్నది మారలేదు. డెంగీ, న్యుమోనియా లాంటి పెద్ద జ్వరాల నుంచి లేచినవాళ్లకు కూడా నేను ఇదే వరస చెబుతాను, డాక్టరు సరేనన్నాకే.

ఛాతీలో నొప్పి, గుండె దడ, తల తిరగడం, మెట్లెక్కితే మునుపు లేని ఆయాసం ఉంటే ఆట లేదు, డాక్టరు దగ్గరికే. వైరస్ గుండె కండరానికి వాపు తెచ్చి ఉంటే పరుగు ప్రాణానికే ముప్పు. "ఏం కాదులేనా, నాలుగు రౌండ్లు కొడితే పోతుంది" అనే సీనియర్ ప్రతి జట్టులో ఒకడుంటాడు. వాడి మాట వినొద్దు.

ఇక ఆరోగ్యంగా ఉండి, ఆట మాత్రం మానేసినవాళ్లకు మేం 2022లో పాటించిన నాలుగు వారాల వరస.

మొదటి వారం మూడు రోజులే, రోజు విడిచి రోజు. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, ఇలా ఎనిమిది సార్లు. పక్కవాడితో మాట్లాడుతూ పరుగెత్తగలగాలి, మాట తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టు. తర్వాత మునివేళ్ల మీద లేచి మెల్లగా దిగడం పదిహేను సార్లు, రెండు విడతలు. గుంజీళ్లు సగం దాకా పది. గుంజీళ్లంటే బడి శిక్ష గుర్తొచ్చి నవ్వారు మావాళ్లు, మూడో రోజు మెట్లు దిగలేక ఏడ్చారు. చివర పది నిమిషాలు క్యాచ్‌లు. బంతి ముట్టనివ్వకపోతే రెండో రోజు ఎవడూ రాడు.

రెండో వారం నలభై నిమిషాలు. పది నిమిషాలు ఆగకుండా పరుగు. ఇరవై మీటర్ల నుంచి త్రోలు ఇరవైకి మించొద్దు, భుజం కూడా రెండేళ్లు నిద్రపోయింది. బౌలర్లు రోజుకు పన్నెండు బంతులు, సగం రనప్‌తో.

మూడో వారం ముక్కాలు వేగంతో చిన్న పరుగులు, మలుపులు. బౌలర్లకు ఇరవై నాలుగు బంతులు. వాలీబాల్‌లో దూకడం ఇప్పుడు మొదలు, ముప్ఫై దూకులు లెక్క పెట్టి. నాలుగో వారం పూర్తి వేగం, బౌలర్లకు ముప్ఫై ఆరు బంతులు, ఆఖరి రోజు ఆరు ఓవర్ల మ్యాచ్, మనలో మనకే.

బంతుల లెక్క నోటితో తప్పుతుంది. అంపైర్లలాగా జేబులో ఆరు గులకరాళ్లు వేసుకుని ఒక జేబు నుంచి ఇంకో జేబుకు మార్చండి. ఫాస్ట్ బౌలర్ వరసగా రెండు రోజులు వేయకూడదు, వాడు ఎంత బతిమాలినా.

వేళ సంగతి. మన దగ్గర మార్చి దాటితే పొద్దున ఏడున్నరకే ఎండ చురుక్కుమంటుంది. ఐదున్నరకు మొదలు, ఏడున్నరకు ఆఖరు. లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచి కలిపితే చాలు, రంగు నీళ్ల సీసాలు కొనక్కర్లేదు. ఉప్పేసిన పల్చటి మజ్జిగ కూడా మంచిదే. ఆట అయ్యాక రాగి అంబలి తాగినవాడు పది గంటలకు కునుకు తీయకుండా పనికి పోగలడు, ఇది నా సొంత పరిశోధన.

ఏ ఆట ముందు, ఏది వెనక

మళ్లీ అంటువ్యాధి కాలం వస్తే ఈ వరస గుర్తుంచుకోండి. ఊపిరి ఊపిరికి ఎంత దగ్గరగా తగులుతుందో దాన్ని బట్టి పోవాలి. ముందు పరుగు, నడక. తర్వాత ఆరుబయట షటిల్ సింగిల్స్. తర్వాత క్రికెట్, అందులో మనుషులు దూరదూరంగానే ఉంటారు, ప్రమాదమంతా బ్యాటింగ్ కోసం చెట్టు కింద గుంపుగా కూర్చున్నప్పుడే. తర్వాత వాలీబాల్.

కబడ్డీ అన్నిటికంటే ఆఖరు. నాకు ఇష్టమైన ఆట అదే, అయినా తప్పదు. రైడర్ ముప్ఫై సెకన్లు గట్టిగా కూత పెడుతూ ఏడుగురి ముఖాల మీదికి పోతాడు, వాళ్లు వాడి మీద పడతారు. గాలిలో తుంపరలతో పాకే వైరస్‌కు ఇంతకంటే పెద్ద విందు లేదు. కూత లేకుండా కాళ్ల పని, బోనస్ గీత దగ్గర అడుగు, చేతి తాకిడి ఇద్దరిద్దరుగా సాధన చేయొచ్చు, జంటలు మార్చకుండా. మావాళ్లు అలా మూడు నెలలు చేశారు. కూత లేని కబడ్డీ ఉప్పు లేని పప్పులా ఉందని రోజూ తిట్టుకుంటూనే.

షటిల్ హాళ్లది ప్రత్యేక చిక్కు. గాలి వస్తే కాక్ పక్కకు పోతుందని కిటికీలన్నీ మూసేస్తారు. మూసిన గదిలో నలుగురు రొప్పుతూ ఆడటం, ఆరుబయట నలభై మంది ఆడటం కన్నా ప్రమాదం. గేమ్ గేమ్‌కూ మధ్య పది నిమిషాలు కిటికీలు, తలుపులు బార్లా తెరవండి. జలుబు, దగ్గు సీజన్‌లో ఇప్పుడు కూడా ఇది మంచి అలవాటు.

మైదానం దగ్గర ఏది పనికొచ్చింది, ఏది రాలేదు

సొంత నీళ్ల సీసా, సొంత తువ్వాలు, సొంత హెల్మెట్ పనికొచ్చాయి. హాజరు పుస్తకం అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది, దాని సంగతి చివర చెబుతాను. పరుగెత్తేటప్పుడు మాస్కు వద్దని, కూర్చున్నప్పుడు, ఆటోలో వచ్చేటప్పుడు కావాలని చెప్పాం. గట్టిగా వ్యాయామం చేస్తూ మాస్కు వేసుకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2020లోనే చెప్పింది.

గ్రౌండంతా హైపోక్లోరైట్ ద్రావణం కొట్టించడం మాత్రం శుద్ధ దండగ. బహిరంగ ప్రదేశాల్లో అలా చల్లొద్దని, పనిచేయదు సరికదా మనుషులకు హాని అని 2020 మేలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మేం చల్లించి, కళ్లు మండి, ఆ రోజు ఆట మానుకున్నాం. నుదుటి మీద పెట్టే థర్మామీటర్ తుపాకీ కూడా అంతే. ఎండలో స్కూటర్ మీద వచ్చినవాడికి జ్వరం ఉన్నట్టు, మాత్ర మింగి వచ్చినవాడికి లేనట్టు చూపించేది.

బంతికి ఉమ్మి రాయడాన్ని ఐసీసీ 2020 జూన్‌లో నిషేధించి, 2022 అక్టోబరు నుంచి శాశ్వతం చేసింది. 2025 ఐపీఎల్‌లో మాత్రం బీసీసీఐ మళ్లీ రాయనిచ్చింది. మన టెన్నిస్ బంతికి ఎన్ని ఉమ్ములు రాసినా మెరుపు రాదు కాబట్టి మనకు ఆ బెంగ లేదు.

పిల్లలు, మరీ ముఖ్యంగా ఆడపిల్లలు

రాష్ట్రంలో బడులు 2020 నవంబరు 2న పై తరగతులకు తెరుచుకున్నాయి, రెండో వేవ్ తర్వాత 2021 ఆగస్టు 16న మళ్లీ. మగపిల్లలు బడి కంటే ముందే వీధిలోకి వచ్చేశారు. మా ఖోఖో ఆడపిల్లలు పదకొండు మందిలో తిరిగి వచ్చింది నలుగురు. మిగతావాళ్లను ఎవరూ ప్రత్యేకంగా ఆపలేదు. ఇంట్లో ఉండి ఇంటిపనికి అలవాటు పడ్డారు, ఇద్దరికి పెళ్లయింది, ఇంకొందరి ఇళ్లల్లో "ఇప్పుడు పెద్దదైందిగదప్పా, ఇంగెందుకు ఆటలు" అన్నారు.

దీనికి నా దగ్గర ఉన్న ఉపాయాలు మూడే. పిల్లతో కాదు, ముందు వాళ్ల అమ్మతో మాట్లాడాలి, మాట్లాడేది కూడా ఒక ఆడమనిషి అయితే మేలు. మా వీధి అంగన్‌వాడీ టీచరక్క సాయం చేసింది. రెండోది, చీకటి పడకముందే ఇంటికి చేరే వేళ పెట్టాలి, ఆ వేళ ఒక్క రోజు కూడా తప్పకూడదు. మూడోది, ఒక్కో పిల్లను కాకుండా ఒకే వీధి నుంచి ముగ్గుర్ని కలిపి పిలవాలి. ఈ మూడూ చేశాక నలుగురు తొమ్మిది మందయ్యారు.

డబ్బు, మొదటి టోర్నమెంటు

మా ఖాతాలో మిగిలింది 1,340 రూపాయలు. మునుపు బ్యానర్ మీద పేరు వేయించుకునే హోటల్ యజమానులను, ట్రావెల్స్ వాళ్లను అడగడానికి నోరు రాలేదు. తిరుమలకు భక్తులు రాకపోతే తిరుపతిలో వ్యాపారం ఏముంటుంది? 2020 మార్చిలో దర్శనాలు ఆగి, జూన్‌లో కొద్దికొద్దిగా మొదలయ్యాయి. ఊరు కోలుకోవడానికి అంతకంటే చాలా కాలం పట్టింది. కాబట్టి మొదటి టోర్నీకి స్పాన్సర్ కోసం తిరగొద్దు. నగదు బహుమతి పెట్టొద్దు. బంతులకు, సున్నానికి, నీళ్లకు అయ్యే ఖర్చు లెక్కగట్టి జట్ల మధ్య సమానంగా పంచండి.

నాకౌట్ పెట్టొద్దు. ఎనిమిది జట్ల నాకౌట్‌లో ఏడు మ్యాచ్‌లే, నాలుగు జట్లు ఒక్క ఆటతో ఇంటికి. రెండేళ్లు ఆకలితో ఉన్నవాడికి ఒక్క ముద్ద పెట్టి లేపినట్టు. నాలుగేసి జట్లతో రెండు గ్రూపులు చేస్తే గ్రూపుకు ఆరు చొప్పున పన్నెండు, రెండు సెమీస్, ఒక ఫైనల్, మొత్తం పదిహేను. ప్రతి జట్టుకూ మూడు ఆటలు ఖాయం. ఎనిమిది ఓవర్ల మ్యాచ్‌కు విరామంతో కలిపి గంటా ఇరవై నిమిషాలు. పొద్దున ఆరు నుంచి పది వరకు మూడు, సాయంత్రం మూడున్నర నుంచి రెండు. మూడు ఆదివారాల్లో అయిపోతుంది. మధ్యలో వారం విశ్రాంతి దొరుకుతుంది, ఒళ్లూ నిలబడుతుంది.

తేదీ ఎంచుకునేటప్పుడు ఊరి పంచాంగం చూడండి. బ్రహ్మోత్సవాలప్పుడు మన మైకు పర్మిషన్ కాగితం చూసే తీరిక పోలీసులకు ఉండదు. గంగజాతర వారంలో ఎవడూ ఆడడు. నవంబరులో ఈశాన్య రుతుపవనాల వాన, 2021 నవంబరు వరద మరవొద్దు. మార్చిలో పరీక్షలు. సంక్రాంతి నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా మంచి కాలం. మైకు పెడితే పోలీసు అనుమతి తీసుకోండి, రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు ఎలాగూ మోగకూడదు. ఐసు డబ్బా, క్రేప్ బ్యాండేజీ, ఒక బండి, 108కి ఫోన్ చేసే బాధ్యత ఎవరిదో పేరుతో సహా ముందే తేల్చుకోండి.

మళ్లీ ఆపాల్సి వస్తే

2020లో జ్వరం దాచిన కుర్రాడిని మేం అందరం తిట్టాం. తర్వాత వాడొక మాట అన్నాడు: "చెప్తే ఓపెనింగ్ పోతుందని భయపడినానా." తప్పు వాడిది సగం, మాది సగం. అప్పటి నుంచి మాకు ఒకే నియమం. ఒంట్లో బాలేదని చెప్పి ఇంట్లో ఉన్నవాడి స్థానం వాడికే ఉంటుంది. తిరిగొచ్చిన మొదటి మ్యాచ్‌లో వాడు అదే స్థానంలో ఆడతాడు. ఈ నియమం రాసి అతికించాక జ్వరాలు వాటంతట అవే బయటికొచ్చాయి.

ఎవరికైనా అంటురోగం అని తెలిస్తే హాజరు పుస్తకం తీయండి. ఏ రోజు ఎవరు వచ్చారు, ఎవరు ఎవరి బండి మీద వచ్చారు అని అందులో ఉంటే, ఫోన్ చేయాల్సింది ఇరవై ఆరు మందికి కాదు, ఆరుగురికే. పంపాల్సిన మెసేజ్ ఇలా ఉంటే చాలు:

"మన జట్టులో ఒకరికి జ్వరం నిర్ధారణ అయింది. పేరు చెప్పడం లేదు, అడగొద్దు. బుధవారం సాయంత్రం నెట్స్‌కు వచ్చినవాళ్లు ఒంట్లో ఏమాత్రం తేడా ఉన్నా ఇంట్లోనే ఉండి నాకు ఫోన్ చేయండి. ఆదివారం మ్యాచ్ వాయిదా. కొత్త తేదీ గురువారం చెబుతాను."

కొత్త తేదీ చెబుతానన్న రోజు తప్పకుండా చెప్పండి, ఇంకో వాయిదా అయినా సరే. "తర్వాత చూద్దాం" అన్న ఆట తర్వాత ఎప్పుడూ జరగదు.

ఆపేటప్పుడు సామాను జాబితా రాయండి. నెట్ ఎండలో ఆరబెట్టి మడవండి, లెదర్ గ్లవ్స్‌లో పాత పేపర్లు కుక్కండి, బ్యాట్లు నేలకు ఆనకుండా నిలబెట్టండి. తాళం చెవులు ఎవరి దగ్గరున్నాయో రాసుకోండి. 2022లో మాకు రోలర్ గది తాళం చెవి వెతకడానికే నాలుగు రోజులు పట్టింది. పాత వాచ్‌మన్ పని మానేసి పుత్తూరు పక్కన పల్లెకు పోయాడు, చెవి ఆయన మొలతాడుకే ఉండింది. ఇప్పుడు రెండు చెవులు ఇద్దరి దగ్గర ఉన్నాయి. మూడోది మా ఇంట్లో, దేవుడి పటం పక్కన మేకుకు.